పిడికెడు బియ్యం, రెండు వేల రూపాయలు

వీధిబడుల గురించి నేను వ్రాసిన టపా చదివి మిత్రులొకరు ఒక చిన్న ప్రశ్న పంపారు. "మాష్టారూ, అంతా బాగానే ఉంది గానీ, ఆ బడులకు డబ్బెవరిచ్చేవారు?" అని. రెండు వాక్యాల్లో జవాబిచ్చి ఊరుకుందామనుకున్నాను. కూర్చుని వ్రాయబోతే అది రెండు వందల ఏళ్ళ కథగా సాగింది. ఆ కథలో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాచుకోవడం భావ్యం కాదు కనుక అదీ చెబుతాను.

నేనుండేది సత్యవేడు ప్రాంతంలో. ఈనాడు ఈ పేరు చెబితే ఎవరికైనా శ్రీసిటీయే గుర్తుకొస్తుంది. 2008లో పరిశ్రమల నగరం వెలిసిన నాటినుండి మా పొలాల మధ్య నాలుగు వరుసల రోడ్లు, తెల్లవారుజామున కంపెనీ బస్సులు, రకరకాల భాషలు. దాన్ని చివర్లో ముట్టుకుంటాను. ముందు వెనక్కి పోవాలి.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన కలెక్టర్లందరినీ ఒక లెక్క అడిగాడు. మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి, ఎందరు చదువుతున్నారు, ఖర్చు ఎవరు భరిస్తున్నారు, చెప్పమన్నాడు. వచ్చిన జవాబుల్లో మన సీమవారు చదవవలసింది బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంబెల్ 1823లో వ్రాసిన నివేదిక. తెలుగు చదువుకున్నవారికి ఈ కాంబెల్ కొత్తవాడు కాడు. 1816లో అచ్చయిన తెలుగు వ్యాకరణం ఆయనదే. దక్షిణాది భాషలన్నీ ఒక కుటుంబమని ఎల్లిస్ దొర తొలిసారి చెప్పిన మాట ఆ గ్రంథానికి ముందుమాటగా వచ్చింది. కాల్డ్వెల్ అదే మాట విస్తరించి చెప్పింది మరో నలభై ఏళ్ళకు. (పండితుణ్ణి కదా, ఈ ప్రస్తావన లేకుండా ముందుకు సాగలేను. మన్నించండి.)

అంటే, ఆ నివేదిక వ్రాసినవాడు తెలుగు పలకమీద ఓనమాలు దిద్దిన దొర. కనుకనే బడిలోపలికి తొంగిచూశాడు. అక్షరాభ్యాసం ఎలా జరిగేదో కళ్ళకు కట్టినట్టు వ్రాశాడు. పిల్లవాడికి ఐదో ఏడు రాగానే తల్లిదండ్రులు అయ్యవారిని మాత్రమే కాదు, బడిపిల్లలందరినీ తమ ఇంటికి పిలిచేవారు. విఘ్నేశ్వరుడి చుట్టూ పిల్లలు గుండ్రంగా కూర్చునేవారు. అయ్యవారు కొత్త పిల్లవాడి చెయ్యి పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు వ్రాయించేవాడు. ఆపైన తల్లిదండ్రులు తమ శక్తికొలది అయ్యవారికి కానుక ఇచ్చి పంపేవారు.

ఆ దృశ్యంలో ఏమేమి ఉన్నాయో చూడండి. కొత్తగా ఒక ఇల్లు బడితో వియ్యమందుతోంది. మిగతా పిల్లలు ఆ ఇంటి అరుగు ఎక్కారు. వాళ్ళ పేర్లు ఆ ఇల్లాలికి తెలిశాయి. డబ్బు చేతులు మారింది, కానీ పండుగలో భాగంగా మారింది. తల్లిదండ్రులను ఒక సంఘంగా చేర్చటం, దానికి నిధి సమకూర్చటం, ఈ రెండు పనులూ ఒకే పూట ఒకే పళ్ళెం బియ్యం ముందు జరిగిపోయేవి.

ఇదే నివేదికలో మరొక ముచ్చట ఉంది. ఉదయం బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారట. రెండోవాడికి సున్న, పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. మూడోవాడి నుంచి బెత్తం వరుస. మన పెద్దలు "శ్రీ, చుక్క" అని చెప్పుకునేది దీన్నే. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చదువు చెప్పే ఈ దేశీయ పద్ధతి ప్రశంసనీయమనీ, ఇంగ్లండు దీన్ని అనుకరించటం సబబేననీ కాంబెల్ ఒప్పుకున్నాడు.

మరి నెలవారీ ఖర్చు? 1826లో మన్రో తన నిర్ణయపత్రంలో తేల్చినదాని ప్రకారం పిల్లవాడొక్కంటికి నెలకు నాలుగు నుండి ఎనిమిది అణాలు. అన్నీ కలిపినా అయ్యవారి రాబడి నెలకు ఆరేడు రూపాయలు దాటేది కాదు. ఆ మొత్తానికి సమర్థులు ఈ వృత్తిలోకి రారని మన్రోయే వ్రాశాడు. (ఉపాధ్యాయుల జీతాల మీద సర్కారు విచారం వెలిబుచ్చటం అప్పటినుండీ ఉన్నదే.) మిగతా లోటు ఇంటింటా స్వయంపాకాలూ, పండుగ కానుకలూ పూడ్చేవి. దసరాకు పిల్లలు రంగు కాగితాలు చుట్టిన గిలకల కోలలు పట్టుకుని పాడుతూ ఇల్లిల్లూ తిరిగేవారు. అయ్యవారికి దక్షిణ, పిల్లలకు పప్పుబెల్లాలు. నా దృష్టిలో తెలుగునాట అంతకంటె అందమైన చందా పద్ధతి మరొకటి పుట్టలేదు. అడిగేవాడికి సిగ్గు లేదు, ఇచ్చేవాడికి బరువు లేదు. ఎంత ఇచ్చారో మరునాటికి ఎవరికీ గుర్తుండదు. పిల్లలు వచ్చి పాడారన్నదే గుర్తుంటుంది.

ఇక్కడ ఆగి మురిసిపోవచ్చు. చాలామంది అక్కడే ఆగుతారు. 1983లో ధరంపాల్ గారు ఈ నివేదికలన్నిటినీ కూర్చి పుస్తకం వేసిన తరువాత మన పాత బడుల వైభవం గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను, ఒకటి రెండు నేనూ ఇచ్చాను. కానీ కాంబెల్ పట్టికను వేలుపెట్టి చదవండి. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివేవారు 6,641 మంది. అందులో బ్రాహ్మణులు 1,185, వైశ్యులు 981, శూద్రులు 2,998, ఇతర కులాలవారు 1,174, మహమ్మదీయులు 243. బాలికలు 60. అరవై వందలు కాదండీ, అక్షరాలా అరవై మంది.

దసరా పిల్లలు ఇల్లిల్లూ తిరిగారన్నాను. ఏ ఇళ్ళు? పిల్లవాణ్ణి బడికి పంపిన ఇళ్ళు, పంపగల ఇళ్ళు, పంపనిచ్చిన ఇళ్ళు. పాలెం దాటి మాలపల్లెకు ఆ గిలకల చప్పుడు పోలేదు. బడి తల్లిదండ్రుల డబ్బుతో నడిచింది కనుక డబ్బిచ్చినవారిదే బడి అయింది.

డబ్బు ఎండిపోతే ఆ బడి ఏమవుతుందో కూడా కాంబెల్ చెప్పాడు. దేశం క్రమంగా బీదదవుతోందనీ, ఇంగ్లండు నుండి వచ్చే సరుకు మన నేతగాళ్ళ వంటి వారి జీవనాన్ని దెబ్బతీసిందనీ, ఒకప్పుడు బడులున్న ఊళ్ళలో ఇప్పుడు లేవనీ ఆయనే వ్రాశాడు. ఉన్న 533 బడుల్లో ఒక్కదానికైనా ప్రభుత్వ సాయం లేదని చెప్పటానికి సిగ్గుపడుతున్నానన్నాడు. ఒక కలెక్టరు పై అధికారులకు ఇలా వ్రాయటం సామాన్యం కాదు.

మన్రో స్పందించాడు. కలెక్టరేటు బడులు, తహసీలు బడులు పెట్టాలనీ, వాటి పంతుళ్ళకు నెలకు పదిహేను, తొమ్మిది రూపాయల చొప్పున సర్కారు జీతమివ్వాలనీ యోచన చేశాడు. 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. ఆ బడులను 1836లో ఎత్తివేశారు. ఆ తరువాత ఇనస్పెక్టర్లు వచ్చారు, గ్రాంట్లు వచ్చాయి. పరీక్షలో ఎందరు నెగ్గితే అంత గ్రాంటు అనే కాలం కూడా నడిచింది. అయ్యవారి చూపు ఇంటి అరుగు మీదినుండి ఇనస్పెక్టరు గుర్రపుబండి మీదికి మళ్ళింది. తల్లిదండ్రులు బడి గేటు బయట నిలబడటం అప్పుడే మొదలైందని నా ఊహ.

ఇక మా సత్యవేడు సంగతి. చిత్తూరు చాలాకాలం ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. సత్యవేడు అందులో లేదు. 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు అమలయ్యే దాకా మాది మద్రాసు రాష్ట్రం, చెంగల్పట్టు జిల్లా. తిరుత్తణి అటు పోయింది, మేము ఇటు వచ్చాము. నేను పుట్టింది ఆ ఏడే. అందువల్ల మా ఇంట్లో పెద్దలు చెప్పుకునే బడి కథలన్నీ కామరాజు నాటివి.

ఆ కథల్లో మా అవ్వది ఒకటి. పొద్దున ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పంతలో వేసేదట. వారానికొకసారి బడివాళ్ళు వచ్చి పట్టుకుపోయేవారు. అది బడిలో మధ్యాహ్నం అన్నానికి. మద్రాసు రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదట ప్రజల చందాలతోనే మొదలైంది. 1957 నుండి ప్రభుత్వం చెయ్యి కలిపింది. ఒక్కో భోజనానికి పది నయాపైసలని లెక్కగట్టి అందులో ఆరు సర్కారువి, నాలుగు ఊరివి అన్నారు. ఆ నాలుగు పైసలే మా అవ్వ పిడికెడు బియ్యం.

నాకు ఆశ్చర్యమనిపించేది ఆ నిష్పత్తి. సర్కారు పదికి పదీ ఇస్తే ఊరివాళ్ళు బడివైపు చూసేవారు కారు. ఊరినే పదీ తెమ్మంటే బళ్ళారి పట్టిక మళ్ళీ తిరగవ్రాయవలసి వచ్చేది. ఆరు ఇచ్చి నాలుగు అడిగారు. ఆ నాలుగూ రూకల్లోనే కాక గింజల్లోనూ తీసుకున్నారు. గింజలైతే పిడికెడు ఎవరికైనా ఉంటుంది. పైగా అది ఆడవాళ్ళ చేతిలోని సొత్తు. మగవాడిని అడగకుండా ఇవ్వగలిగింది అదొక్కటే.

ఈ పద్ధతి వెనుక ఉన్న విద్యాశాఖాధిపతి నె.దు. సుందరవడివేలు. 1958లో మా చెంగల్పట్టు జిల్లాలోనే కడంబత్తూరులో ఆయన బడి అభివృద్ధి మహాసభల పద్ధతికి శ్రీకారం చుట్టాడు. ముందుగా ఊరివాళ్ళు కూర్చుని తమ బడికి ఏమేమి కావాలో జాబితా వేసుకునేవారు: నల్లబల్ల, బిందె, గడియారం, గది. ఎవరు ఏది ఇస్తారో చెప్పుకునేవారు. మహాసభ నాడు వాటిని ఊరేగింపుగా తెచ్చి బడికి అప్పగించేవారు. దసరా గిలకల ఊరేగింపు తిరగబడి వచ్చిందన్నమాట! ఆనాడు బడి ఊరిలోకి వెళ్ళింది. ఈసారి ఊరు బడిలోకి వచ్చింది. "మా గుండెకాయలాంటి గడియారం" అని మా నాయన తన చివరి రోజుల దాకా చెప్పేవాడు. దానికి ఆయన ఇచ్చింది రెండు రూపాయలు.

సరిహద్దు మారింది. ఆ ఉద్యమం అటే ఉండిపోయింది. ఇటు మా ఊళ్ళో గడియారం మాత్రం కొన్నాళ్ళు నడిచింది.

ఇప్పుడు నా తప్పు.

1998లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ఒక చట్టం చేసింది. తల్లిదండ్రులే ఎన్నుకునే విద్యాకమిటీలు వచ్చాయి. జన్మభూమి రోజులవి, ఏ పనికైనా ప్రజావాటా ఉండాలన్న ఊపు ఉండేది. నేను పనిచేసే బడికి ప్రహరీగోడ కావాలి. మా అవ్వ కథ, కడంబత్తూరు కథ బుర్రనిండా పెట్టుకున్నవాణ్ణి కనుక చందా బాధ్యత నేనే మీదేసుకున్నాను. ఇంటికి ఇరవై రూపాయలన్నాను. ఇచ్చినవారి పేర్లు వరండాలో నల్లబల్ల మీద రంగుసుద్దలతో, నా దస్తూరితో, అందంగా వ్రాయించాను. ఆ బల్ల చూసి ఊరు కదిలింది. ఎనభై పేర్లు పడ్డాయి. గోడ లేచింది.

ఆరో తరగతిలో ఒక పిల్లవాడు మానేశాడు. పద్యం చెబితే వినసొంపుగా ఉండేది, అందుకే గుర్తు. రెండు వారాలు చూసి వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి కూలినాట్ల నుంచి అప్పుడే వచ్చింది. కాళ్ళకు బురద. నన్ను చూసి కొంగు సర్దుకుని లేచి నిలబడింది. పిల్లవాణ్ణి ఎందుకు పంపటం లేదమ్మా అంటే కాసేపు పలకలేదు. ఆ తరువాత అంది:

"బల్లమింద అందరి పేర్లూ రాసినారు గదా అయివారా. మా పేరు లేని బడికి వాణ్ణి ఎట్ల పంపేది?"

ఇరవై రూపాయలు నేనే ఇస్తానన్నాను. మరునాడే పేరు వ్రాయిస్తానన్నాను. అది మొదటి మాటకన్నా ఘోరమని ఆవిడ ముఖం చూశాకగానీ నాకు తెలియలేదు. పిల్లవాడు రాలేదు. బెంగుళూరులో ఇటుకబట్టీకి పోయినారని తరువాత విన్నాను.

మా నాయన గడియారం కథలోనూ పేర్లున్నాయి కదా అని నాకు నేను చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ మా అవ్వ పంతలో పేరు లేదు. ఆ బియ్యం వీధిలోని అందరి బియ్యంతో కలిసి ఒకే గోతంలో పడింది. పండితుణ్ణి అయివుండీ ఈ తేడా నేను గ్రహించలేకపోయాను.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది స్త్రీలుండాలి. కాగితం మీద ఇది బళ్ళారి పట్టికలోని అరవైకి సమాధానం. ఆచరణలో మాత్రం సంతకాల పుస్తకం ఇళ్ళకు తిరగటం చాలాచోట్ల చూశాను, నేనూ ఒకటి రెండుసార్లు తిప్పాను.

2019లో నవంబరు 14న ఒంగోలులో నాడు-నేడు మొదలైంది. తొలివిడతలో 15,715 బడులు. గుత్తేదారు లేకుండా డబ్బు తల్లిదండ్రుల కమిటీ ఖాతాకే వచ్చింది, పనులు వాళ్ళే చేయించాలన్నారు. నా కొలువు చివరి నెలలవి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుంటూ చెట్టుకింద కూర్చున్న ఒక తల్లిని చూసి లోలోపల సంతోషించాను. మా ఇరవై రూపాయల గోడ పనికి ఒక్క ఆడమనిషిని నేను పిలవలేదు మరి.

ఆ మరుసటి 2020 జనవరి 9న మా చిత్తూరులోనే అమ్మఒడి మొదలైంది. బిడ్డను బడికి పంపే తల్లి ఖాతాలో ఏడాదికి పదిహేను వేలు. అందులో వెయ్యి రూపాయలు బడి మరుగుదొడ్ల నిర్వహణకు ఇవ్వమని ముఖ్యమంత్రి ఆ సభలోనే తల్లులను కోరాడు. కోరటం ఆ ఒక్క ఏడే. మరుసటి విడతకు వెయ్యి ముందే పట్టుకుని పద్నాలుగు వేలు వేశారు. 2022లో రెండు వేలు పట్టుకుని పదమూడు వేలు వేశారు. ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది, 2025 జూన్‌లో మళ్ళీ అదే లెక్క: తల్లికి పదమూడు, బడికి రెండు.

రాజకీయాలు ఈ పేజీలో వద్దని మనం అనుకున్నదే, కనుక ఏ ప్రభుత్వం మంచిదన్న చర్చ పెట్టవద్దని మనవి. నన్ను పట్టుకున్నది వేరే విషయం. ఈ పద్ధతిలో నల్లబల్ల లేదు. కూలితల్లి, కొలువుతల్లి ఇద్దరి వాటా ఒకటే, పేరు ఎవరిదీ లేదు. నా తప్పు ఇందులో జరగదు. అయితే పిడికిలి కూడా లేదు. చేతికి రాకముందే పోయిన డబ్బు ఇచ్చినట్టు ఎవరికి అనిపిస్తుంది? మా అవ్వ ఏ పూటకాపూట తీసిపెట్టింది కనుక బడిలో అన్నం మాడితే అడిగేది. అడిగిందట కూడా!

అమెరికాలోని మిత్రులు ఈపాటికి తమ మనబడిని తలుచుకుంటూ ఉంటారు. 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన ఆ బడులు తల్లిదండ్రుల రుసుముతో, స్వచ్ఛందంగా పాఠం చెప్పే తల్లిదండ్రులతో సాగుతున్నాయి. బళ్ళారి వీధిబడికి దగ్గరి చుట్టమది. రుసుము ఇవ్వగలవారి మధ్య ఆ పద్ధతి చక్కగా నడుస్తుంది.

మా దగ్గర మాటే వేరు. శ్రీసిటీ వచ్చాక తడలో, వరదయ్యపాలెంలో, సత్యవేడులో అద్దె గదులు నిండాయి. తల్లులు ఫోన్లు బిగించే చోట, చాక్లెట్లు చేసే చోట మూడు షిఫ్టుల్లో పనికి పోతారు. పిల్లలను అవ్వ దగ్గర వదిలేవారు కొందరు, వెంట తెచ్చుకునేవారు కొందరు. ఒకరింటి అరుగు ఒకరు ఎక్కరు; అసలు అరుగులే లేవు. ఏడాదికో గది మారేవారికి ఇది నా ఊరి బడి అనే మాట ఎలా పుడుతుంది?

2025 జూలై 10న రాష్ట్రమంతా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశాలు జరిపారు. అంతకుముందు 2024 డిసెంబరు 7న ఒకసారి జరిగింది. అప్పుడు నేను పోలేదు. ఈసారి మా దగ్గరి ఒక బడికి పాత ఉపాధ్యాయుడినని పిలిస్తే వెళ్ళాను. తోరణాలు, ఉపన్యాసాలు, ఫొటోలు. వెనుక బెంచీలో కంపెనీ యూనిఫారం మీదే ఒక అమ్మాయి కూర్చుని ఉంది. రాత్రి షిఫ్టు దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరికీ పరిచయమున్నట్టు లేదు. ఎవరైనా ఏమైనా చెబుతారా అని ప్రధానోపాధ్యాయుడు అలవాటుగా అడిగినప్పుడు ఆమె లేచింది.

ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్ళు రావటం లేదనీ, తన బిడ్డ సాయంత్రం దాకా ఓర్చుకుని ఇంటికి వస్తోందనీ చెప్పింది. దానికని పట్టుకున్న డబ్బు ఏమైందని అడిగింది.

"మీకు పదమూడు వేలు పడినాయి కదమ్మా," అన్నాడాయన, విసుగేమీ లేకుండానే.

"పడిండేది కాదు సార్, పట్టుకోనిండేది అడగతా ఉండా."

హాలులో నవ్వు లేచి, సగంలో ఆగిపోయింది. ప్రధానోపాధ్యాయుడు ఖర్చుల పుస్తకం తెమ్మని పిల్లవాణ్ణి పంపాడు. అది వచ్చేలోగా ముందు వరుసలో ఉన్న ముగ్గురు నలుగురు తల్లులు లేచి వెనక్కి నడిచి, ఆ అమ్మాయి బెంచీలో సర్దుకుని కూర్చున్నారు.